రుచి తెలిసిన నాలుక

ఒక్క చుక్క పాకం నాలుక మీద పడితే చాలు, అది చెట్టు నుంచి వచ్చిందో ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో బ్రదర్ తిబో చెప్పేసేవాడు. ఆ నాలుకే ఆ ఏడు అతన్ని చిక్కుల్లో పెట్టింది.

కెనడాలో, క్యూబెక్ కొండల మధ్య ఉన్న చిన్న క్రైస్తవ మఠం అది. చుట్టూ మేపుల్ చెట్ల అడవి. చలికాలం చివర్లో, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, అక్కడి సన్యాసులు చెట్ల మొదళ్ళకి సన్నటి రంధ్రం పెట్టి చిన్న గొట్టం బిగిస్తారు. చెట్టులోని నీరు చుక్క చుక్కగా బాల్చీల్లోకి కారుతుంది. ఆ నీటిని కట్టెల పొయ్యి మీద, వెడల్పాటి రేకు తొట్టిలో మరగబెడతారు. బాల్చీలకి బాల్చీలు ఇగిరిపోయాక అడుగున కాస్త పాకం మిగులుతుంది. అదే మేపుల్ సిరప్. రంగులో తేనెలా ఉంటుంది, కానీ తేనె కంటే పల్చన. పాలూ గుడ్లూ కలిపి పోసిన మందపాటి మైదా అట్ల మీద పోసుకుని తింటారు.

మఠానికి రాకముందు తిబో ముప్ఫై ఏళ్ళపాటు ఒక పెద్ద ఆహార కంపెనీలో వాసనలు కలిపే పని చేశాడు. మేపుల్ చెట్టు నీడ కూడా తగలని సిరప్‌కి మేపుల్ వాసన పుట్టించడం అతని ఉద్యోగం. మొక్కజొన్న పాకం, మాడ్చిన చక్కెర రంగు, మెంతుల నుంచి తీసిన సారం, వీటిని ఏ పాళ్ళలో కలిపితే తినేవాడికి అడవి గుర్తొస్తుందో అతనికి బాగా తెలుసు. అతను కలిపిన సిరప్ దేశమంతా అమ్ముడుపోయింది. సీసా మీద మంచులో నిలబడ్డ మేపుల్ చెట్లూ, గుర్రపు బండీ బొమ్మ వేసేవారు. ఒకరోజు ఆ బొమ్మ చూస్తూ చూస్తూ ఉండగా అతనికి తన మీద తనకే రోత పుట్టింది. ఉద్యోగం మానేశాడు. ఇకనుంచి అసలైనదాంతోనే బతకాలనుకుని ఈ మఠం తలుపు తట్టాడు.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఫాదర్ ఆన్సెల్మ్ గురువు. పాకం కాచే కొట్టం కూడా ఆయన చేతి కిందే ఉండేది. పెద్దాయన, మితభాషి. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

తిబో పని తొందరగా పట్టుకున్నాడు. నురగ చూసి పాకం ఎంతవరకు వచ్చిందో చెప్పేవాడు. ఏ సీసా ఏ వారం కాచిందో వాసన చూసి చెప్పేవాడు. ఊరివాళ్ళు అతని పాకాన్ని మెచ్చుకున్నారు. మఠంలోనివాళ్ళూ మెచ్చుకున్నారు. అతను మాత్రం మారిపోయాడు. 'అసలైనది' అనే మాట లేకుండా అతని నోట మాట వచ్చేది కాదు. దుకాణపు సిరప్ వాడేవాళ్ళని చూస్తే, వాళ్ళేదో పాపం చేస్తున్నట్టు ముఖం పెట్టేవాడు.

పాకం కాచే రోజుల్లో ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరివాళ్ళందరికీ మఠం భోజనశాలలో అట్లు వడ్డించడం ఆనవాయితీ. ఆ ఆదివారం ఓడిల్ అనే ముసలావిడ వచ్చి బల్ల చివర కూర్చుంది. కిందటేడే భర్తని పోగొట్టుకుంది. తిబో మేపుల్ సిరప్ కూజాతో ఆవిడ దగ్గరికి వెళ్ళేసరికి, ఆవిడ తన సంచిలోంచి ఒక సీసా తీసి మూత తిప్పుతోంది.

మంచు, మేపుల్ చెట్లు, గుర్రపు బండి.

తిబో చెవులు ఎర్రబడ్డాయి. అందరికీ వినబడేలా చెప్పాడు.

"అమ్మా, ఇక్కడ దాన్ని వాడకండి. అది సిరప్ కాదు. చెట్టుకీ దానికీ ఏ సంబంధమూ లేదు."

అంతటితో ఆగలేదు. అందులో ఏమేం కలుపుతారో, రంగు ఎలా వస్తుందో, వాసన ఎక్కడిదో ఒక్కొక్కటీ వివరించాడు. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ఓడిల్ అంతా విన్నది. సీసాకి మూత పెట్టి, దాని మెడ మీద కారిన చుక్కని చేతిరుమాలుతో తుడిచి, సంచిలో పెట్టుకుంది.

"అది నాకు తెలుసు నాయనా," అంది. అట్టు అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

తాను తప్పు చేశానని తిబోకి అనిపించలేదు. సాయంత్రం కొట్టంలో బాల్చీలు కడుగుతూ, మఠం బల్ల మీద అబద్ధానికి చోటు లేకుండా చేశానని గురువుగారికి తనే చెప్పాడు. మెచ్చుకుంటారని ఎదురుచూశాడు కూడా.

ఫాదర్ ఆన్సెల్మ్ అడిగారు.

"ఆవిడ తిన్నదా?"

"లేదు ఫాదర్."

ఆయన కడిగిన బాల్చీ ఒకటి తీసి బోర్లించారు.

మర్నాడు పొద్దున తిబో కొట్టంలోకి వచ్చేసరికి బెంచీ మీద వరసగా చిన్న గిన్నెలు పెట్టి ఉన్నాయి. చుట్టూ తోటి బ్రదర్లు నిలబడి ఉన్నారు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ రుచి చూసి చెప్పమన్నారు ఫాదర్. తిబోకి లోపల్లోపల ఎంత సంతోషం కలిగిందో చెప్పలేం. గురువుగారు తన విద్యని అందరి ముందూ చూపించబోతున్నారనుకున్నాడు.

మొదటి చెంచా నోట్లో పడగానే, అది ఈ ఏడు తొలి కాపు అన్నాడు. రెండోది చూసి, కిందటేడు కాలం ముగిసేటప్పుడు కాచిన నల్ల పాకం అన్నాడు. మూడోది దుకాణానిది, పేరు కూడా చెప్పాడు. తర్వాతది మాత్రం కాసేపు నాలుక మీద తిప్పుకుని, ఇది చెట్టు పాకమే గానీ ఎవరో ఇందులో చక్కెర పాకం కలిపారన్నాడు. కలిపిన బ్రదర్ తెల్లబోయాడు. బ్రదర్లంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలోని మెప్పు తిబోకి కళ్ళు మూసుకునే వినిపించింది.

చివరి గిన్నె అందించారు. తిబో ఒక గుక్క తాగి నవ్వాడు.

"మంచినీళ్ళు. నోరు కడుక్కోమని ఇచ్చారు."

ఎవరూ నవ్వలేదు. కళ్ళు తెరిచాడు. ఫాదర్ ఆన్సెల్మ్ చేతిలో బాల్చీ ఉంది. అంచున ఇంకా మంచు అంటుకునే ఉంది. అప్పుడే చెట్టు నుంచి దించి తెచ్చింది. గిన్నెలో మిగిలినదాన్ని ఆయన జాగ్రత్తగా తిరిగి అందులోనే పోశారు.

"చెట్టులోంచి వచ్చేది ఇదే," అన్నారు. అని నురగ తీయడానికి తొట్టి దగ్గరికి వెళ్ళిపోయారు.

తిబో బయటికి నడిచాడు. ముందు కోపం వచ్చింది. అంత తీపి తిన్నాక ఎవడి నాలుకైనా ఏం చెప్తుంది, ఇదేం పరీక్ష అనుకున్నాడు. అడవిలో చాలా దూరం నడిచి ఒక చెట్టు దగ్గర ఆగాడు. బాల్చీ పైకెత్తి తాగాడు. చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. గుప్పెడు మంచు నోట్లో వేసుకుని కరగనిచ్చి ఉమ్మేశాడు. మళ్ళీ ఒక గుక్క తీసుకుని ఈసారి మింగకుండా నిలబడ్డాడు.

చాలాసేపటికి నాలుక వెనక ఎక్కడో తీపి తగిలింది. ఉందా లేదా అన్నట్టుంది. తొందరపడి మింగి ఉంటే అదీ తెలిసేది కాదు.

ఎందుకో తెలియదు, సీసా మెడ తుడుస్తున్న ఆ ముసలావిడ చేతులు కళ్ళ ముందుకొచ్చాయి.

వెనక్కి వచ్చి, ఊళ్ళోకి వెళ్ళొస్తానని గురువుగారిని అడిగాడు. ఆయన తల ఊపారు. తిబో అరలోంచి ఆ ఏటి పాకంలో అన్నిటికంటే మంచి సీసా ఒకటి తీసి చంకలో పెట్టుకున్నాడు. ఫాదర్ దాన్ని మెల్లగా తీసుకుని మళ్ళీ అరలో పెట్టేశారు.

"ఉత్త చేతులతో వెళ్ళు."

ఓడిల్ ఇల్లు రంపపు మిల్లు వెనక వీధిలో ఉంది. తిబో గుమ్మంలో నిలబడి క్షమించమని అడిగాడు. ఆవిడ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. చలిలో నిలబడకుండా లోపలికి రమ్మంది. తిన్నావా అని అడిగింది. జవాబు కోసం చూడకుండా పొయ్యి వెలిగించి అట్టు పోసింది. బల్ల మీద ఆ సీసా పెట్టింది.

అతను తింటుంటే ఎదురుగా కూర్చుని చెప్పుకొచ్చింది. ఆవిడా, భర్త అర్మానూ జీవితమంతా పరుల మేపుల్ అడవుల్లోనే పనిచేశారట. ఎన్ని బాల్చీలు మోశారో లెక్కలేదు. కాచిన పాకమంతా బళ్ళెక్కి పట్నం పోయేది. ఇంట్లో పిల్లలకి మాత్రం దుకాణపు సీసాయే.

"నలుగురు పిల్లలు. ఈ సీసాతోనే పెరిగారు," అంది. తల కాస్త పైకెత్తి అంది. "ఒక్కరోజూ ఎవరి గడపా ఎక్కలేదు. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు."

పోయిన చలికాలం అర్మాన్ మంచం పట్టాడు. ఏదీ గొంతు దిగేది కాదు. కొడుకులు మంచి మేపుల్ సిరప్ తెచ్చి పోస్తే ముఖం పక్కకి తిప్పుకున్నాడు. చివరికి ఆవిడ ఈ సీసాలోది చెంచాతో పట్టింది. చప్పరించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"కిటికీ తెరవకుండానే అడవి లోపలికొచ్చిందే ఓడిల్, అన్నాడు. ఆఖరి రోజు వరకూ అదే పట్టాను."

ఆవిడ సీసాని తన వైపు తిప్పుకుని బొమ్మ చూసింది.

"ఇది ఎవరు కలిపారో గానీ, పని తెలిసినవాడు."

తిబో నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది. నేనేనమ్మా అని ఒక్క ముక్క అంటే చాలు. ఉద్యోగంలో ఎన్ని ప్రశంసలు విన్నాడో, మఠంలో ఎన్ని విన్నాడో, దేనికీ అతని గుండె ఇలా పొంగలేదు. ముద్దతో పాటు ఆ మాటనీ మింగేశాడు.

"ఇంకొకటి పొయ్యమ్మా," అన్నాడు.

అతను కొట్టానికి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బ్రదర్లు వెళ్ళిపోయారు. ఫాదర్ ఆన్సెల్మ్ ఒక్కరే ఆవిరి మధ్య నిలబడి తొట్టి చూసుకుంటున్నారు. తిబో జరిగినదంతా చెప్పాడు. ఏదీ దాచలేదు, తన గుండె పొంగిన సంగతి కూడా. అన్నీ అయ్యాక అడిగాడు.

"అది కలిపింది నేనేనని ఆవిడకి చెప్పాల్సిందా ఫాదర్?"

ఫాదర్ ఆన్సెల్మ్ పొయ్యిలోకి తొంగి చూశారు. పక్కనున్న దొంతర లోంచి ఎండిన కట్టె ఒకటి తీసి అతనికి అందించారు.

"మంట తగ్గుతోంది," అన్నారు.

తిబో కట్టె అందుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు.