వేళ్ళు కత్తిరించే పిన్ని

అనగనగనగా, కొండ దిగువన, జీడితోటల పక్కన ఒక బుల్లి ఊరు. ఆ ఊళ్ళో ముత్యాలని ఒక పిల్ల ఉండేది. అచ్చం నీ ఈడుదే. పొట్టిగా, బొద్దుగా ఉండేది. వాళ్ళమ్మ పోయి చాన్నాళ్ళయింది. నాన్న అప్పలకొండ బుట్టలు అల్లి సంతలో అమ్ముకొచ్చేవాడు.

ఒక ఏడు ఎండాకాలంలో అప్పలకొండ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ పేరు వరహాలు. "ఈవిడ మీ పిన్నమ్మా" అని ముత్యాలికి చూపించాడు. ముత్యాలు స్తంభం చాటునుంచి తొంగి చూసింది.

పిన్ని బండి దిగుతోంది. ఆవిడ ఒళ్ళో ఏముందనుకున్నావ్? చింతచెట్టు! నవ్వకు, నిజమే చెప్తున్నా. జానెడు చింతచెట్టు, మట్టి పళ్ళెంలో ఉంది. మాను ముడతలు పడి ముసలిదైపోయింది, ఆకులు మాత్రం ఆవగింజలంతేసి. ఇప్పుడు మీరు బోన్సాయ్ అంటారే, అదన్నమాట.

"ఈ చెట్టుకి నా అంత వయసుంది. మా నాన్న నాటాడు" అంది పిన్ని.

ముత్యాలు గుడ్లప్పగించి చూసింది. పిన్నంత వయసుండి, తన మోకాలి దాకా కూడా రాలేదా!

ఆ తర్వాత తొలకరి పడింది. ఒకనాటి సాయంత్రం ముత్యాలు పెరట్లో కాళ్ళు కడుక్కుంటోంది. గోడ అవతల పిన్నీ, పక్కింటి సీతాలత్తా మాట్లాడుకుంటున్నారు.

"ఏం వదినా, ఇదెప్పటికీ ఇలా పొట్టిగానే ఉంటుందా?" అని అడిగింది సీతాలత్త.

"ఉండాలి మరి! పెరగనిస్తే ఇంట్లో చోటెక్కడిది?" అంది పిన్ని. "వేళ్ళు కత్తిరిస్తూ ఉంటే ఎదగదు. తల కూడా కాస్త కత్తిరించాలి. ఆ తర్వాత రాగితీగ చుట్టి, ఎటు కావాలంటే అటు వంచుకోవడమే."

"అమ్మో! చచ్చిపోదూ?"

"ఏం కాదు. నాలుగు రోజులు వాడిపోయి మళ్ళీ తేరుకుంటుంది. రేపాయన సంతకి వెళ్తారుగా, అప్పుడు తీరిగ్గా కూర్చుని కత్తిరిస్తాను."

ముత్యాలు చేతిలో చెంబు దభీమని కింద పడింది. తన చేతుల వంక చూసుకుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు... ఇవా కత్తిరించేది? తల కూడానా?

నువ్వు నీ వేళ్ళు చూసుకోకు, అన్నీ ఉన్నాయిలే. విను.

అప్పుడు ముత్యాలు పరుగెత్తుకుంటూ నాన్న దగ్గరికి వెళ్ళింది. "నాన్నా, నన్ను కూడా సంతకి తీసుకెళ్ళవా?" అంది. "వానలో నువ్వెందుకమ్మా, పిన్ని దగ్గరుండు" అన్నాడు నాన్న. ఆ తర్వాత పిన్ని అన్నం పెట్టింది. ముత్యాలు చేతులు వెనక్కి దాచుకుని, ఆకలి లేదంది. ఆ తర్వాత పిన్ని పక్క వేసింది. ముత్యాలు గుప్పిళ్ళు బిగించి, గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారింది. నాన్న బుట్టలు నెత్తికెత్తుకుని వెళ్ళిపోయాడు. వాన కూడా వెలిసింది. పిన్ని పెరట్లో పీట వేసుకుని పిలిచింది.

"ముత్యాలూ! చూరులో కత్తెరుంది, అందుకుని ఇలా రామ్మా!"

చూశావా! కత్తెర తనే తెచ్చి ఇవ్వాలిట! ముత్యాలు దండెం మీది నాన్న తువ్వాలు తీసి రెండు చేతులకీ చుట్టేసుకుంది. గబగబా వెళ్ళి బుట్టల గదిలో, అన్నిటికన్నా పెద్ద బుట్టని తన మీద బోర్లించుకుని కూర్చుంది.

పిన్ని వంటింట్లో వెతికింది. వీధిలో వెతికింది. నూతిలోకి తొంగి చూసి, "ముత్యాలూ!" అని కేకేసింది. అప్పుడు బుట్టల గదిలో ఒక బుట్ట కదలడం కనిపించింది. గబుక్కున వెళ్ళి బుట్ట ఎత్తింది.

లోపల ముత్యాలు ముడుచుకుని కూర్చుని ఉంది. చేతులకి తువ్వాలు, కళ్ళనిండా నీళ్ళు.

"పిన్నీ! నేను పెరగను పిన్నీ!" అని వెక్కి వెక్కి ఏడ్చింది. "కొంచెమే అన్నం తింటాను. ఓ మూలన పడుంటాను. చోటు సరిపోతుంది. నా వేళ్ళు కత్తిరించకు పిన్నీ!"

పిన్ని చేతిలో బుట్ట చేతిలోనే ఉండిపోయింది. ముందు ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత నిన్న తనన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అర్థమయ్యాక, నవ్వలేదు. నవ్వెలా వస్తుంది? ఆ పిల్ల రాత్రంతా గుప్పిళ్ళు బిగించుకుని ఆ ఇంట్లోనే పడుకుందాయె! నేలమీద చతికిలబడి, తువ్వాలు విప్పి, ఒక్కొక్క వేలూ నిమిరింది.

"ఈ వేళ్ళు కాదమ్మా, చెట్టు వేళ్ళు. మట్టిలో ఉంటాయే, అవి. నీ గురించి అనలేదు తల్లీ."

అప్పుడు ముత్యాల్ని పెరట్లోకి తీసుకెళ్ళి, పళ్ళెంలోంచి చింతచెట్టుని పైకి తీసి చూపించింది. మన్నే కనబడలేదు. అంతా వేళ్ళే, చిక్కుపడ్డ జుట్టులాగా.

"చూడు, దీనికి ఊపిరాడట్లేదు. పాత వేళ్ళు కొన్ని తీసేసి కొత్త మన్ను పోస్తే కొత్తవి పుట్టుకొస్తాయి. ఇది పళ్ళెంలో బతకాల్సిన చెట్టు, అందుకని."

పిన్ని పుల్లతో చిక్కు తీసి, కత్తెరతో టక్ టక్ మని కత్తిరించింది. కత్తెర పడ్డప్పుడల్లా ముత్యాలు కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత ఇసకా, ఇటుకపొడీ, ఎర్రమన్నూ కలిపి పళ్ళెంలో పోశారు. నీళ్ళు చిలకరించి అరుగుమీద నీడన పెట్టారు.

నాలుగు రోజులయ్యాక ముత్యాలు లేచి చూస్తే, ఏముంది! ఆకులన్నీ రాలిపోయి మోడైపోయింది.

"చంపేశావు పిన్నీ!" అని గోల పెట్టింది.

పిన్ని ముఖం కూడా పాలిపోయింది. ఆవిడకి మాత్రం భయం ఉండదూ, తండ్రి నాటిన చెట్టాయె! అయినా పైకి, "చూద్దాం ఉండు" అంది. రోజూ ఇద్దరూ కలిసి మన్ను ముట్టుకుని చూసేవారు, తడారితేనే నీళ్ళు పోసేవారు. ఒకరోజు పొద్దున ముత్యాలు కెవ్వుమంది. ఏమైందో అని పిన్ని పరుగెత్తుకొచ్చింది. కొమ్మ చివర ఎర్రటి చిగురు! సూదిమొనంత!

ఆ తర్వాత దసరా వచ్చింది. పిన్ని ముత్యాలికి పట్టు పావడా కుట్టింది. ముత్యాలు తిరగేసి చూస్తే లోపల అంచు దగ్గర మూడు మడతలు కుట్టి ఉన్నాయి.

"ఇవేంటి పిన్నీ?"

"ఇది వచ్చే ఏడు విప్పడానికి" అంది పిన్ని. "ఇదేమో ఆపై ఏడు విప్పడానికి."

"మరి ఈ మూడోది?"

"అదా? నువ్వు నా భుజం దాకా వచ్చాక విప్పుతాను."

ముత్యాలు పిన్ని భుజం వంక తలెత్తి చూసింది. అంత ఎత్తా! వెంటనే మునివేళ్ళ మీద లేచి నిలబడింది.

కథ వెళ్ళింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
బొంత కప్పుకో ఒంటికి,
మనం వచ్చేశాం ఇంటికి.