మూలనున్న చెయ్యి

తన ఫొటోను పోటీకి పంపనని గురువుగారు అనేసరికి నాగశేషుకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? క్వారీలో కొండచరియ విరిగిపడ్డ రోజు అందరికంటే ముందు చేరుకుని తీసిన ఫొటో అది. రాళ్ల ముందు కూలబడి ఏడుస్తున్న ముసలమ్మ. పత్రికవాళ్లు మొదటి పేజీలో వేశారు. చూసినవాళ్లందరూ ఫోన్లు చేసి మరీ మెచ్చుకున్నారు.

ఇమాం సాహెబ్ ఆ పత్రికకు ముప్పై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్న మనిషి. శేషుకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"దీన్ని దిద్దావు. ఏం తీసేశావు?" అన్నారాయన.

"మూలన రాళ్ల సందులో ఒక చెయ్యి పడింది సార్. చూపంతా అటే లాగేస్తోందని చెరిపేశాను. ముసలమ్మ ఏడుపు అబద్ధం కాదుగా?"

"ఆ చెయ్యి ఎవరిది?"

"ఏమో సార్. పావుగంటకే ఇంకో చరియ పడి ఆ మూలంతా పూడిపోయింది. ఏడు శవాలు తీశారుగా, వాళ్లలో ఎవరిదో అయ్యుంటుంది."

సాహెబ్ లేచి బయటికి వెళ్లారు. మెట్ల మీద కూర్చున్న ఒకామెను వెంటబెట్టుకుని వచ్చారు. పేరు ఏసమ్మ. మూడు రోజులుగా పత్రికాఫీసు చుట్టూ తిరుగుతోంది పాపం.

"మా ఆయన దావీదు ఆ పొద్దు పనికెళ్లాడయ్యా," అంది ఆమె శేషుతో. "మేస్త్రీ మాత్రం ఆయన రాలేదంటాడు. ఏడుగురే అని తవ్వటం ఆపేశారు. ఎటో పోయుంటాడు, ఇంటికి పొమ్మంటన్నారు."

సాహెబ్ కంప్యూటరు ముందు ఆమెకు కుర్చీ వేశారు.

"దిద్దకముందుది తెరువు," అన్నారు శేషుతో.

శేషు అసలు ఫొటో తెరిచాడు.

ఏసమ్మ తెర దగ్గరికి వంగింది. మూలన, రెండు బండల మధ్య, మోచేతి దాకా దుమ్ము కొట్టుకుపోయిన చెయ్యి. చిటికెన వేలు లేదు.

"సుత్తి దెబ్బకు పోయింది," అంది మెల్లగా. "మా పెళ్లైన ఏడాది."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు శేషు. ఏడవలేదు. చాలాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత అతని వైపు తిరిగింది.

"నువ్వు ఫొటో తీసేటప్పుడు ఈ చెయ్యి కదుల్తా ఉందా నాయనా?"

శేషు గురువు ముఖంలోకి చూశాడు, ఆయన ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తారేమోనని.

"నన్ను కాదు అడిగింది," అన్నారు సాహెబ్. "చూసింది చూసినట్టు చెప్పు."