కనుమ వాకిట్లో ఎర్రజెండా

వెనకటికి ఒక కొండరాజ్యంలో కోటకు వెళ్ళాలంటే ఒక్క బండి పట్టే కనుమదారే దిక్కు. అక్కడ వాకిలి కాసేది నూకాలు. "నా ఎర్రజెండా బండ్లు వస్తే మిగతావాళ్ళందరినీ ఆపెయ్. లేదంటే నీ కొలువు ఊడుతుంది" అని ఆమెకు దివాను రంగభూపతి ఆజ్ఞ. రోగులూ, పాలకుండలవాళ్ళూ ఎండలో పడిగాపులు పడుతుంటే దివాను గడ్డిబండ్లు తాపీగా సాగిపోయేవి. నూకాలుకు ఆ అన్యాయం మింగుడుపడేది కాదు.

ఒకనాడు వాకిటి ముందు మైదానంలో గడ్డిబండ్లు బారులు తీరి ఉన్న వేళ దివానే పల్లకీలో ఆదరాబాదరాగా వచ్చాడు. నూకాలు కర్ర అడ్డం పెట్టింది.

"పల్లకీకి జెండా లేదు దొరా. తమరి గడ్డి వెళ్ళాకే తమరు."

"రాజుగారు పిలుస్తున్నారే! గడ్డికేం తొందర?"

"అయితే బండి ఎవరిదన్నది కాదు, తొందర ఎవరికన్నది చూడాలంటారా?"

"అవును! ఇకనుంచి అదే ఆజ్ఞ!" అందరూ వినేలా అరిచాడు దివాను.

"చిత్తం" అంటూ నూకాలు గడ్డిబండ్లను పక్కకు తీయించి, ఎప్పటినుంచో వెనక చిక్కుకుపోయిన మంత్రసానిని ముందుకు పిలిచింది.

"మరి నేనో?" అన్నాడు దివాను.

"రాజుగారు ఆగుతారు దొరా, పుట్టే బిడ్డ ఆగదు."

జనం ఘొల్లున నవ్వారు. ఆరోజు పొద్దుగూకేదాకా కదలకుండా నిలబడ్డవి గడ్డిబండ్లే.