తలూపిన తర్వాత

గిద్యోనుకి ఆ వారమంతా అన్నం సయించలేదు.

చెయ్యమన్న పని చూస్తే చిన్నదే. ఆదివారం ఆరాధన అయ్యాక, బైబిలు తరగతి మొదలయ్యేలోపు, హెప్సిబాని పక్కకి పిలిచి చెప్పాలి. ఇకమీదట తరగతిలో అలాంటి ప్రశ్నలు అడగొద్దని. పిల్లలకి పాటలు నేర్పే పని కొన్నాళ్ళపాటు మానుకోమని. చెప్పమన్నది వాళ్ళ సంఘం శాఖాధ్యక్షుడు శాంతకుమార్.

"ప్రశ్న నీ తరగతిలో వచ్చింది. నువ్వే చెప్పాలి," అన్నాడాయన.

"అలాగే సార్," అన్నాడు గిద్యోను.

పెద్దలకి అలాగే అనడం అతనికి కొత్త కాదు. తెల్లచొక్కా, టై కట్టుకుని, ఊరుకాని ఊళ్ళల్లో రెండేళ్ళు సువార్త సేవ చేసి వచ్చినవాడు. ఏ ఊరు పొమ్మంటే ఆ ఊరు పోయాడు. ఎవరితో ఉండమంటే వాళ్ళతో ఉన్నాడు. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. సంఘంలో విధేయత గురించి ఎవరు మాట్లాడినా చివరికి అతని పేరే చెప్పేవాళ్ళు. వింటూ అతను తల దించుకునేవాడు గానీ, లోపల కాస్త పొంగేవాడు.

వాళ్ళది అమెరికాలో పుట్టిన మోర్మన్ క్రైస్తవ సంఘం. గోదావరి జిల్లాలో ఓ పట్నంలో, ఇనుప సామాన్ల దుకాణం పైన అద్దె హాల్లో కూడుకుంటారు. ఆ సంఘంలో జీతం తీసుకునే పాస్టరు ఉండడు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే తలా ఓ బాధ్యత మోస్తారు. శాంతకుమార్‌ది కరెంటాఫీసులో ఉద్యోగం. చెడ్డమనిషి కాదు. ఎవరికి జబ్బు చేసినా ముందు ఆయన స్కూటరే ఆ గుమ్మం ముందు ఆగుతుంది. కాకపోతే, ఉన్న నాలుగు కుటుంబాలూ ఎక్కడ చెదిరిపోతాయోనని భయం. భయపడే మనిషికి ప్రశ్న రాయిలా కనిపిస్తుంది.

ఇంతకీ హెప్సిబా అడిగిందేమిటి?

ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. భర్త లేడు. కొడుక్కి పన్నెండో ఏడు రాబోతోంది. ఆ వయసుకి ఈ సంఘంలో మగపిల్లలకి యాజకత్వం ఇస్తారు. అంటే క్రీస్తు జ్ఞాపకంగా పంచే రొట్టె, నీళ్ళ పళ్ళేలు అందించే హక్కు. ఆ సంబరంలో ఉండగా ఆమెకి ఓ సంగతి తెలిసింది. ఆఫ్రికా మూలాలున్న నల్లవాళ్ళకి 1978 దాకా ఈ సంఘం యాజకత్వం ఇవ్వలేదు. ఆలయంలో జరిగే సంస్కారాల్లో వాళ్ళకి చోటివ్వలేదు.

పోయిన ఆదివారం తరగతిలో లేచి నిలబడింది.

"మా తాతని గుడి మెట్టెక్కనివ్వలేదండి. ఆ గుమ్మం వదులుకునే మేం ఇటొచ్చాం. ఇక్కడ కూడా ఒకప్పుడు మనుషుల్ని రంగు చూసి గుమ్మంలో ఆపారంట. ఆపిన నాయకులు తప్పు చేశారా, లేదా? నాకింకేం వద్దు. ఆ ఒక్కటి చెప్పండి."

హాలు బిగుసుకుపోయింది. గిద్యోను పాఠం పుస్తకం మూసేశాడు.

"నాయకుల్ని దేవుడు ఏర్పరుచుకున్నాడక్కా. అప్పటి కారణాలు మనకి తెలీవు. వాళ్ళని ప్రశ్నించడం మొదలెడితే విశ్వాసం జారిపోతుంది. తల వంచడం నేర్చుకోవాలి," అన్నాడు.

"తల వంచడం మాకు కొత్తగా నేర్పాలా బాబూ?" అంది హెప్సిబా. అని కూర్చుంది.

ఆ మాట గిద్యోను చెవిలోనే ఉండిపోయింది. అతనూ హెప్సిబా వాళ్ళ దళితపేటలో పుట్టినవాడే మరి.

శుక్రవారం సాయంత్రానికి ఇక ఉండబట్టలేక జ్ఞానప్రకాశం మాస్టారింటికి వెళ్ళాడు.

మాస్టారు రిటైరైన పంతులు. గిద్యోనుకి అక్షరాలు దిద్దించిందీ, తర్వాత బాప్తిస్మం ఇచ్చిందీ ఆయనే. శాంతకుమార్ కూడా ఒకప్పుడు ఆయన బడిలో చదివినవాడే. బంజరు భూముల కోసం పేట జనం కదిలిన రోజుల్లో మాస్టారు ముందు వరసలో నడిచారు. అప్పుడు లాఠీ దెబ్బకి పోయిన కుడి మోకాలు ఇప్పటికీ సరిగా వంగదు.

"రా అబ్బాయ్. మజ్జిగ తాగుతావా? సంఘంలో టీ తాగకూడదని మానిపించి నన్ను ఈ మజ్జిగ పాలు చేశారు మీవాళ్ళు."

"మావాళ్ళేంటి మాస్టారూ? నన్ను నీళ్ళలో ముంచింది మీరేగా!"

"అదీ నిజమేలే. నా నోటికి నేనే తాళం వేసుకున్నాను."

గిద్యోను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని జరిగిందంతా చెప్పాడు.

"నేనా మాట చెబితే ఆమె పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళిపోతుంది మాస్టారూ. మళ్ళీ రాదు. చెప్పకపోతే అధ్యక్షుడి మాట కాదన్నవాణ్ణవుతాను. ఇన్నేళ్ళూ ఒక్కసారీ కాదనలేదు. ఏం చెయ్యమంటారు?"

"ఆ అమ్మాయి అడిగినదానికి నువ్వేం జవాబిచ్చావ్?"

గిద్యోను ఇచ్చిన జవాబు అప్పజెప్పాడు.

"అది నీ జవాబేనా?"

"పెద్దలు చెప్పేదే మాస్టారూ."

మాస్టారు కుడి మోకాలు అరచేత్తో నిమురుకున్నారు.

"ఎల్లుండి రొట్టె మీద ప్రార్థన ఎవరిది?"

"నాదేనండి."

"ఈసారి నేను చేస్తాను. నువ్వు పక్కనుండు."

"మోకరించాలి కదండీ. మీ మోకాలు..."

"మోకాలు నాది. దాని సంగతి నేను చూసుకుంటాను. మజ్జిగ తాగు, వేడెక్కిపోతోంది."

గిద్యోను వచ్చినంత బరువుతోనే తిరిగి వెళ్ళాడు.

ఆదివారం హాలు నిండింది. బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన రొట్టె, చిన్న చిన్న గ్లాసుల్లో నీళ్ళు. వెనకవరసలో తలుపు పక్కన హెప్సిబా కూర్చుని ఉంది. సంచీ కింద పెట్టకుండా ఒళ్ళోనే పెట్టుకుంది. కొడుకు ఆమె భుజానికి ఆనుకున్నాడు. గిద్యోను అటు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు.

ఆ సంఘంలో ఓ పద్ధతుంది. రొట్టె మీద చేసే ప్రార్థన సొంతమాటల్లో చెయ్యకూడదు. వాళ్ళ గ్రంథంలో ఎలా ఉందో అలాగే, ఒక్క మాట పోకుండా చెప్పాలి. పోతే మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. సరిగ్గా వచ్చిందో లేదో వేదిక మీద కూర్చున్న అధ్యక్షుడు వింటాడు. ప్రార్థన చేసినవాడు ఆయన వైపు చూస్తాడు. ఆయన తలూపితే సరిపోయినట్టు. అప్పుడు రొట్టె పంచుతారు.

పాట పాడుతుండగా ఇద్దరూ రొట్టె ముక్కలు తుంచారు. పాట ఆగింది. మాస్టారు బల్ల అంచు పట్టుకుని, ముందు ఎడమ మోకాలు, ఆ తర్వాత పళ్ళు బిగబట్టి కుడి మోకాలు నేలకి ఆనించారు. అట్ట మీద ప్రార్థన రాసి ఉంటుంది గానీ చత్వారం వల్ల ఆయన ఎప్పుడూ చూడరు. కంఠతా వచ్చు. గొంతు నిండుగా మొదలుపెట్టారు.

సగానికి వచ్చేసరికి ఒక మాట జారిపోయింది.

గిద్యోను స్పష్టంగా విన్నాడు. కళ్ళు మూసుకునే ఉలిక్కిపడ్డాడు. ఆమెన్ అన్నారు అందరూ. మాస్టారు తలెత్తి వేదిక వైపు చూశారు. గిద్యోనూ చూశాడు.

శాంతకుమార్ ఒక్క క్షణం ఆగాడు. తలూపాడు.

హమ్మయ్య అనుకున్నాడు గిద్యోను. అధ్యక్షుడే సరే అన్నాక ఇక తన పూచీ ఏముంది? విన్నది తన చెవి పొరపాటేమో. పళ్ళెం అందుకోవడానికి చెయ్యి చాపాడు.

మాస్టారు బల్ల ఊతంతో లేచి నిలబడి పళ్ళెం తీసుకున్నారు గానీ అందివ్వలేదు.

"సరిగ్గా చెప్పానా?" అన్నారు, అతనికి మాత్రమే వినబడేలా.

"అధ్యక్షుడు తలూపారండి."

"నేను అడిగింది నిన్ను."

హాలంతా తమనే చూస్తోంది. ఎవరో దగ్గారు. మాస్టారి ముఖం మీద ఇందాకటి నొప్పి ఇంకా అలాగే ఉంది. ఔనంటే చాలు, ఆ ముసలి మోకాలికి విశ్రాంతి.

"ఒక మాట పోయింది మాస్టారూ," అన్నాడు.

మాస్టారు పళ్ళెం బల్ల మీద పెట్టారు. బల్ల అంచు పట్టుకున్నారు. ఎడమ మోకాలు. ఆ తర్వాత కుడి మోకాలు. ఈసారి చిన్న మూలుగు పైకే వచ్చింది.

"మళ్ళీనా అమ్మా?" అంది ముందువరసలో ఓ చిన్నపిల్ల. తల్లి దాని నోరు మూసింది.

మొదటినుంచి చెప్పారు మాస్టారు. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు కాస్త నెమ్మదించారు, గతుకు తెలిసిన దారిలో నడిచినట్టు.

రొట్టె, నీళ్ళు పంచారు. ఆరాధన అయింది. జనం కుర్చీలు జరుపుకుంటూ తరగతి కోసం సర్దుకుంటున్నారు. మెట్ల దగ్గర శాంతకుమార్ గిద్యోను మోచెయ్యి పట్టుకున్నాడు. ముఖం కందిపోయి ఉంది.

"ఏమయ్యా, నేను తలూపాక నీకేం తొందర? ఆయన మోకాలి సంగతి తెలిసీ మళ్ళీ మోకరించేలా చేశావా?"

వెనక కర్ర చప్పుడైంది. మాస్టారు.

"శాంతకుమారూ, ఆ మాట పోవడం నీకు వినబడలేదా నాయనా?"

శాంతకుమార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వినబడింది మాస్టారూ. మీరు నాకు అక్షరాలు నేర్పినవారు. అందరి ముందూ మిమ్మల్ని మళ్ళీ మోకరించమనడానికి నోరు రాలేదు."

"అంత గౌరవం పెట్టుకుని, నన్ను తప్పులో వదిలేశావన్నమాట."

అరుపు లేదు ఆ గొంతులో. అరిచినా బావుండేది. శాంతకుమార్ కళ్ళజోడు పెట్టుకుని, తరగతికి వేళయిందని గొణిగి లోపలికి వెళ్ళాడు. వెళ్ళి ముందువరసలో కూర్చున్నాడు. హెప్సిబాకి చెప్పమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

గిద్యోను అక్కడే నిలబడిపోయాడు.

"కావాలనే వదిలేశారా మాస్టారూ?"

"దేవుడితో ఆటలాడతానా? మర్చిపోయాను," అన్నారు మాస్టారు. గోడకి ఆనుకుని మోకాలు సవరించుకున్నారు. "ఎంత పెద్దవాడైనా మర్చిపోతాడురా. అందుకే గదా పక్కన ఓ మనిషిని పెట్టేది."

ఆ మాటతో ఆయన కర్ర ఊతంగా మెట్లు దిగిపోయారు. తరగతికి ఉండలేదు.

గిద్యోను లోపలికి వచ్చాడు. హెప్సిబా ఇంకా తలుపు పక్కనే ఉంది. అతన్ని చూసి సంచీ భుజాన వేసుకుని లేచింది.

"చెప్పు బాబూ. నాతో ఏదో చెప్పాలంట కదా. అందరూ అనుకుంటున్నార్లే."

"కూర్చోండక్కా."

అతను నల్లబల్ల దగ్గరికి నడిచాడు. ముందువరసలో శాంతకుమార్. ఇంత దగ్గరగా ఉంటే ఆయన చొక్కా జేబులో పెన్ను మూత పగిలి ఉండడం కూడా కనిపిస్తోంది.

"అక్కా, పోయినవారం మీరు అడిగింది మళ్ళీ అడగండి," అన్నాడు గిద్యోను.

"ఎందుకు? ఇంకోసారి అనిపించుకోవడానికా?"

"కాదు. నేను చెప్పినదాంట్లో ఒక మాట పోయింది. మొదటినుంచి చెప్పాలి."

హెప్సిబా అధ్యక్షుడి వైపు చూసింది. ఆమె కొడుకూ అటే చూశాడు. హాలంతా అటే చూసింది, ఆయన తల ఎటు కదులుతుందోనని.

గిద్యోను చూడలేదు. ఆమె వైపే తిరిగి, ప్రశ్న కోసం నిలబడ్డాడు.