మేస్త్రి జేబులో బిళ్లలు

విజయనగరంలో మేడలు కట్టించే గౌరీసు మేస్త్రికి పనివాళ్ల ఒంట్లో సంగతి వాళ్లకన్నా తనకే బాగా తెలుసన్న పొగరు ఉండేది. చొక్కా జేబులో ఎప్పుడూ నొప్పుల బిళ్లల అట్ట పెట్టుకుని తిరిగేవాడు. ఎవరు నడుం పట్టుకున్నా, ఎవరు తల పట్టుకున్నా ఒక బిళ్ల తీసి చేతిలో పెట్టేవాడు. అదే వైద్యం, అదే దయ అనుకునేవాడు.

కొత్త గోడలు తడపడానికి అతను లిఫ్టు గోతి నిండా నీళ్లు నిలవ ఉంచాడు. కట్టాక ఇరవై రోజుల దాకా ఒక్క పూట కూడా గోడలు ఎండనిచ్చేవాడు కాదు. ఒకనాడు ఇటుకలు మోసే అసిరమ్మ ఆ గోతిలో బకెట్టు ముంచి పైకి తీసి కేకేసింది.

"మేస్త్రీ, నీళ్ల నిండా పురుగులు గెంతుతన్నాయి. తోడి పారబోసేద్దాం."

"గోడలు తాగే నీళ్లకి పురుగులుంటే ఏటే?"

"దోమలైపోవా?"

"దోమలు కుట్టేది రాత్రి. మనం పని సేసేది పగలు!" అని గౌరీసు పకపకా నవ్వాడు.

తెలియకపోవడం తప్పు కాదు. ఏమీ తెలియకుండా అంత ధీమాగా నవ్వడం తప్పు. డెంగీ దోమ పట్టపగలే కుడుతుంది.

రెండు వారాలు తిరిగేసరికి అసిరమ్మకు జ్వరం వచ్చింది. కళ్ల వెనక పోట్లు, ఒళ్లంతా నొప్పులు. ఇంటికి పోతానంది.

"గురువారం స్లాబు ఉంది. ఇది ఏసుకో, తగ్గిపోద్ది," అని గౌరీసు ఒక బిళ్ల ఇచ్చాడు. మర్నాడు రెండు ఇచ్చాడు. ఆ మర్నాడూ రెండు ఇచ్చాడు. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అందుకని వాళ్లు సాయంత్రం దాకా గొంతు తడుపుకునేవాళ్లు కాదు. అసిరమ్మ జ్వరంలోనూ అలాగే ఉండిపోయింది. నాలుగో రోజు ఇటుకల తట్టతో సహా కూలిపోతే ఆసుపత్రిలో చేర్చారు.

రెండు రోజులయ్యాక గౌరీసు ఆసుపత్రికి వెళ్లాడు. పరామర్శకనుకునేరు! మళ్లీ పనిలోకి ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి వెళ్లాడు. అసిరమ్మ ముఖం, కాళ్లు ఉబ్బి ఉన్నాయి. మూత్రం ఆగిపోయింది. మిషను పెట్టి రక్తం శుభ్రం చేస్తున్నారు. పక్కనే ఆమె తోటికోడలు నూకాలుతో డాక్టరు మాట్లాడుతున్నాడు.

"డెంగీ ముదిరితే కిడ్నీలకు రక్తం సరిగా అందదమ్మా. నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయింది. దానిమీద నొప్పుల బిళ్లలు పడ్డాయి. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. ఎవరిచ్చారా బిళ్లలు?"

గౌరీసు చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. నూకాలు అది చూసింది.

"ఈడే బాబూ! గోడలకి ఇరవై రోజులు నీళ్లు పట్టించినాడు. మనిసికి గలాసుడు నీళ్లు తాగే దారి నేకండా సేసినాడు! ఏం మేస్త్రీ, గోడ పగులుద్దని బయం, మనిసి పోద్దని బయం నేదా?"



అసిరమ్మ బతికింది. కానీ కిడ్నీలు పూర్తిగా కోలుకోలేదు. ఇక తట్ట ఎత్తకూడదన్నారు. ఆ సంగతి తెలిసిన రోజు ఆడవాళ్లంతా గేటు ముందు కూర్చున్నారు. గోతిలో నీళ్లు తోడి, తలుపున్న మరుగుదొడ్డి కట్టేదాకా లోపల అడుగు పెట్టేది లేదన్నారు. మరుగుదొడ్డి కట్టడానికి మనుషుల్ని పెట్టి, గౌరీసే గోతిలోకి దిగాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి గొయ్యి ఖాళీ అయింది. ఒక్క పూట పని! ఆ ఒక్క పూట పని మానుకున్నందుకు ఒక మనిషి ఆరోగ్యం జన్మంతటికీ పాడైంది.

దోమలు పెరిగే నీళ్లను పారబోయకపోవడమూ, జ్వరం వచ్చిన మనిషికి నొప్పి బిళ్ల మింగించి పని చేయించుకోవడమూ సాటి మనిషికి చేసే ద్రోహమే.