కొంగున ముడేసిన కాగితం బొమ్మ

ముందు కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. పెట్టుకున్నావా? ఇంక ఊఁ కొడుతూ ఉండాలి. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగుతుంది, ఆ తర్వాత నన్ను కుదిపి లేపితే ఊరుకోను.

అనగా అనగా, పొద్దెక్కినా సూర్యుడు కనిపించని ఒక కొండ ఊళ్ళో పైడమ్మ అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే. చలికాలం వచ్చిందంటే ఆ ఊళ్ళో ఎంత మంచు పట్టేదంటే, వాకిట్లో నిలబడితే ఎదురింటి గుమ్మం కనిపించేది కాదు. పైడమ్మకి అమ్మ లేదు. చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయింది. వాళ్ళ నాన్న సింహాచలం చాన్నాళ్ళు తనే వండి పెట్టాడు. ఆ తర్వాత సముద్రం ఒడ్డు ఊరి నుంచి నూకరత్నాన్ని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు.

అదిగో, సవతి తల్లి అనగానే మూతి ముడిచావు. అన్ని కథల్లోనూ ఒకటే రకం సవతి తల్లి ఉండాలా ఏం? ఈవిడ మంచిది. నేను చెప్తున్నాను కదా, విను.

నూకరత్నం మంచిదే గానీ, ఆవిణ్ణి ఏమని పిలవాలో పైడమ్మకే తెలీలేదు. అమ్మా అందామంటే గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. పిన్నీ అందామంటే అదీ వచ్చేది కాదు. అందుకని అసలు పిలవడమే మానేసింది. ఆకలేస్తే వంటింటి గుమ్మంలో నిలబడి దగ్గేది. జడ వేయించుకోవాలంటే దువ్వెన పట్టుకొచ్చి దగ్గేది. పాపం నూకరత్నం అది నిజం దగ్గే అనుకుని, రోజూ శొంఠి కషాయం కాచి తాగించేది. ఆ పిచ్చి పిల్ల మొహం చిట్లించుకుని అదీ తాగేసేది. పిలవడం కంటే కషాయమే తేలికనిపించింది దానికి.

ఇట్లా ఉండగా, నూకరత్నం చెల్లెలికి పురుడని కబురొచ్చింది. పుట్టింటికి బయల్దేరాలి. అప్పుడు పక్కింటి బంగారమ్మ, ఊరుకోవచ్చా, పైడమ్మని పిలిచి మరీ చెప్పింది. "మీ పిన్నికి మన చలి పడలేదే. రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకుతోంది. వెళ్తే మళ్ళీ వస్తుందంటావా?"

ఆవిడ లేకపోతే తను ఉండలేనని అప్పుడు తెలిసింది పైడమ్మకి. మళ్ళీ రమ్మని అడగాలి. కానీ పిలవడానికే నోరు రాని పిల్ల అడగడం ఎట్లా?

అప్పుడే బళ్ళో టీచరమ్మ కొత్త సంవత్సరానికి గ్రీటింగు కార్డులు చెయ్యడం నేర్పింది. అట్టని మధ్యకి మడవాలి. రంగు కాగితాలతో బొమ్మలు కత్తిరించి దాని మీద అంటించాలి. కార్డు చేసి చేతిలో పెట్టేస్తే ఇంక మాట్లాడే పనే లేదు కదా అనుకుంది పైడమ్మ.

నూకరత్నానికి చలి కదా, అందుకని ముందు పసుపు కాగితంతో సూర్యుణ్ణి కత్తిరించింది. పాత శుభలేఖ అట్ట మీద అన్నం మెతుకులతో అంటించింది. చెయ్యి పెద్దది దానికి, ఇన్నేసి మెతుకులు పెట్టి అరుగు మీద ఆరబెట్టింది. ఇంట్లోకి వెళ్ళి వచ్చేసరికి కోడిపెట్ట ఆ మెతుకుల కోసం సూర్యుణ్ణి పొడిచి పొడిచి జల్లెడ చేసి పెట్టింది. నవ్వకు, పాపం ఎంత ఏడ్చిందో.

ఆ తర్వాత నీలం కాగితంతో సముద్రం కత్తిరించింది. ఈసారి మైదా ఉడికించి అంటించింది. కోడికి అందకుండా దండెం మీద వేలాడదీసింది. రాత్రంతా మంచు కురిసింది. తెల్లారి చూస్తే రంగు దిగిపోయి, సముద్రం కాస్తా బురదగుంటలా తయారైంది. నూకరత్నం ప్రయాణం ఆ పొద్దున్నే.

అప్పుడు పైడమ్మ సూర్యుడూ వద్దు, సముద్రమూ వద్దనుకుంది. ఎర్ర కాగితం మడిచి, చెయ్యి చాచిన బొమ్మని గీసింది. ఆ చెయ్యి మడత దాకా రావాలి, కత్తెర మాత్రం మడతని ముట్టుకోకూడదు. అప్పుడు విప్పి చూస్తే రెండు బొమ్మలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉంటాయి. తల్లీ కూతురూ ఒకే ఎత్తు ఉంటారనుకో, మడత కాగితం కదా మరి. అంతా బాగానే కత్తిరిస్తోంది, ఇంతలో బయట బస్సు హారన్ మోగింది. ఆ కంగారులో మడత కూడా కత్తిరించేసింది. రెండు బొమ్మలూ దేనికది ఊడి ఒళ్ళో పడ్డాయి.

వాటినే పట్టుకుని బస్సు దగ్గరికి పరుగెత్తింది. నూకరత్నం ఒక కాలు మెట్టు మీద పెట్టి ఉంది. పైడమ్మ వెళ్ళి దగ్గబోయింది. దగ్గు రాలేదు, ఏడుపొచ్చింది.

"నీకే చేశాను. చేతులు తెగిపోయాయి," అంది.

నూకరత్నం మెట్టు దిగింది. రెండు బొమ్మల్నీ తీసుకుని చూసింది. ఒకదాన్ని తన కొంగున ముడేసుకుంది. రెండోదాన్ని పైడమ్మ చేతిలో పెట్టింది. "నీది జాగ్రత్తగా ఉంచు. నేనొచ్చే వేళకి మెతుకులు తెచ్చి పెట్టుకో. ఇద్దరం కలిసి అతికిద్దాం," అంది. బస్సు మంచులోకి వెళ్ళిపోయింది.

వస్తానన్న రోజు పైడమ్మ ఆకులో మెతుకులు పెట్టుకుని బస్సు దగ్గరికి వెళ్ళింది. అందరూ దిగారు, నూకరత్నం దిగలేదు. మర్నాడూ వెళ్ళింది. మంచుకి దారి కనపడక బస్సే పైకి రాలేదు. చెప్పానా, అంది బంగారమ్మ. పురిటిల్లు కదమ్మా, ఆలస్యమవుతుంది, అన్నాడు సింహాచలం. ఆయన మొహంలోనూ దిగులే ఉంది. పైడమ్మ ఎండిన మెతుకులు కోడికి వేసేసింది. ఆ మర్నాడు మళ్ళీ వేడన్నం లోంచి కాసిని ఆకులో పెట్టుకుని వెళ్ళింది.

బస్సొచ్చింది. ఒక్కొక్కరే దిగారు. అందరి తర్వాత ఒక మూట దిగింది. ఆ మూట వెనకాల నూకరత్నం దిగింది. ఒంటి మీద కొత్త స్వెట్టరు, నెత్తిన మంకీ టోపీ. వెళ్ళిపోయే మనిషి మంకీ టోపీ కొనుక్కుంటుందా, నువ్వే చెప్పు.

ఆవిడ మూట కింద పెట్టి ముందు కొంగు ముడి విప్పింది. ఎర్ర బొమ్మ నలిగి ముద్దయింది గానీ, చెయ్యి చాచే ఉంది.

"మెతుకులు తెచ్చావా?" అంది.

"తెచ్చానమ్మా," అంది పైడమ్మ.

అనేశాక గానీ తనేమందో దానికి తెలీలేదు. నూకరత్నానికి తెలిసింది. తెలిసినా ఏమీ ఎరగనట్టే టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ఆ మంచులోనే మూట మీద కూచుని మెతుకు నలిపింది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి బొమ్మల్ని అట్ట మీద అతికించారు. చేతులు కలిసిన చోట మెతుకు బొడిపెలా లేచింది. అది అట్లాగే ఉండనీ, అంది నూకరత్నం. కోడికి అందనంత ఎత్తులో ఆ కార్డుని గోడకి పెట్టారు. ఆ రోజు నుంచి ఇంట్లో కషాయం కాచే పనే లేకపోయింది. ఎప్పుడో ఒకసారి పైడమ్మకి నిజంగానే దగ్గొస్తే, "అమ్మా అని పిలవొచ్చు కదే, మళ్ళీ దగ్గుతావేం?" అందట నూకరత్నం.

ఏదీ, ఊఁ వినపడదేం? సరే అయితే.

కోడిపెట్ట గూటికి,
కొండ మంచు ఏటికి,
కథ కాస్తా కంచికి,
కునుకేమో కంటికి.