గచ్చపొదకు బదులు నిలబడ్డ పన్నెండుమంది

పిట్టల మాట మనుషులకూ, మనుషుల మాట పిట్టలకూ తెలిసే రోజుల్లో, అనగనగా ఒక కొలను. కొలను నడుమ ఒక దిబ్బ. దిబ్బ మీద నలభై చెట్లు. ఏటా చలికాలంలో గూడబాతులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఆ చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోయేవి. కడిమిపురం రాజు విజయకేతు ఆ చోటుకు పక్షివనమని పేరు పెట్టాడు.

ఒక ఏడు రాజు చాటింపు వేయించాడు. "మా యువతీయువకులు పక్షివనానికి సేవ చేయాలి. మూడు రోజుల్లో దాన్ని బాగుచేస్తే సేవాధ్వజం ఇస్తాం. మూడో రోజు మేమే వచ్చి చూస్తాం."

పన్నెండుమంది బయల్దేరారు. వాళ్ళ నాయకుడు సుముఖుడు. అతని నోట తప్పు కూడా ఒప్పులాగే వినిపించేది. వాళ్ళలో ఒకతె వకుళ, కుమ్మరివీధి పిల్ల. చేతులు గట్టివి, చూపు చురుకైనది. నోరు మాత్రం నలుగురిలో పెగిలేది కాదు.

మొదటి రోజు. దిబ్బ చుట్టూ గచ్చపొదలు, ఒళ్ళంతా కొక్కేల్లాంటి ముళ్ళు.

"రాజుగారి పట్టుపంచె చిరిగితే ధ్వజం మనకిస్తారా, బడితె ఇస్తారా?" అన్నాడు సుముఖుడు. అందరూ నవ్వి కొడవళ్ళు తీశారు.

వకుళ కొడవలి ఎత్తేసరికి పొద కింద నుంచి ఒక ముసలి తాబేలు తల చాపింది.

"అమ్మాయీ, ఈ ముళ్ళు ఎందుకున్నాయో ఎవరినైనా అడిగారా?"

"లేదు తాతా."

"అడవిపిల్లి చెట్టెక్కకుండా ఉన్నాయి. పైన పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు."

వకుళ వెళ్ళి సుముఖుడికి ఆ మాట చెప్పింది. "తాబేలు చెప్పిందా? ఆ మాట చెప్పడానికి మీ తాత పుట్టినప్పుడే బయల్దేరి ఉంటుందిలే," అన్నాడతను. అందరూ నవ్వారు. వకుళ కూడా నవ్వింది. సాయంత్రానికి దిబ్బ చుట్టూ ఒక్క ముల్లు లేదు.

రెండో రోజు. "చూడవచ్చినవాళ్ళు పడవ కోసం పడిగాపులు పడాలా? దిబ్బ దాకా మట్టిబాట వేద్దాం," అన్నాడు సుముఖుడు. మట్టి పనిలో వకుళను మించినవారు లేరు. ఆమె తొక్కి చదును చేసిన బాట అరుగులా నున్నగా వచ్చింది.

ఒక తల్లి గూడబాతు గూడు దిగి ఆమె ముందు వాలింది. "నలభై రోజులు ఆగండమ్మా. నా బిడ్డ ఎగిరిపోతాడు. ఆ తర్వాత మీ ఇష్టం."

వకుళ మళ్ళీ సుముఖుడి దగ్గరికి నడిచింది. ఆమె నోరు తెరవకముందే అతను, "ఏం వకుళా, ఈసారి ఎవరు పంపారు, కప్పా?" అన్నాడు.

"ఏం లేదు," అంది వకుళ. "మట్టి చాలట్లేదు, అంతే."

తట్ట ఎత్తుకుని వెనక్కి వచ్చింది. తల్లి పక్షి వైపు చూడలేదు.

మూడో రోజు రాజు కొలను గట్టుకు వచ్చాడు. ఊరంతా వచ్చింది. డప్పులు మోగాయి. ఆ మోతకు పెద్ద పక్షులన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. ఆకాశం తెల్లబడింది. ఎంత అందంగా ఎగిరాయో అని జనం చప్పట్లు కొట్టారు. గూళ్ళలో పసివి మిగిలాయి.

అప్పుడు వకుళ బాట వైపు చూసింది. ఒక అడవిపిల్లి. దాని వెనక ఇంకొకటి. వాటి వెనక మరొకటి. కాలు తడవకుండా, ఆమె చదును చేసిన బాట మీదే నడిచి పోతున్నాయి.

"డప్పులు ఆపండి," అంది. వినపడలేదు. మళ్ళీ అంది. వినపడలేదు. మూడోసారి మాటతో పని పెట్టుకోలేదు. పరుగెత్తుకెళ్ళి ముందున్న డప్పు మీద రెండు చేతులూ వేసి నొక్కిపట్టింది. అది చూసి మిగతావాళ్ళూ ఆపేశారు.

దిబ్బ మీద నుంచి వస్తున్న అరుపులు అప్పుడు అందరికీ వినిపించాయి.

వాళ్ళు పరుగున వెళ్ళి పిల్లుల్ని తరిమేసరికి ముప్పై తొమ్మిది చెట్ల మీద గూళ్ళు ఖాళీ అయ్యాయి. ఆగమని అడిగిన తల్లి గూడూ ఖాళీయే. చిట్టచివరి చెట్టు మీద మాత్రం మూడు పిల్లలు మిగిలాయి.

"ఇది క్రూరమృగాల పని ప్రభూ," అన్నాడు సుముఖుడు. "మా సేవలో లోటేముంది? వనం ఇంత శుభ్రంగా ఎన్నడైనా ఉందా?"

నిజమే, చాలా శుభ్రంగా ఉంది.

వకుళ ముందుకొచ్చింది. "పిల్లి ఆకలి పిల్లిది, ప్రభూ. దారి వేసింది మేము. మొదటి రోజే తాబేలు తాత చెప్పాడు, రెండో రోజు ఆ తల్లి చెప్పింది. నాకు తెలుసు. నవ్వుతారని ఊరుకున్నాను."

రాజు తల దించుకున్నాడు. "చాటింపు వేసే ముందు నేనూ అడగలేదు," అన్నాడు. సేవాధ్వజాన్ని మడిపించి పక్కన పెట్టించాడు. తాబేలును పిలిచి, ఇప్పుడేం చేయాలని అడిగాడు.

"బాట తవ్వేయండి. అది చాలదు. ఎండలకు కొలను అడుగంటితే పిల్లి నడిచే వస్తుంది. గచ్చపొద ఎదగడానికి మూడేళ్ళు పడుతుంది. ఆ మూడు పిల్లలకు రెక్కలు రావడానికి నలభై రోజులు. అందాకా ముళ్ళ పని ఎవరు చేస్తారు?"

"నేను చేస్తాను," అంది వకుళ, వెళ్ళి ఆ చెట్టు మొదట్లో నిలబడింది. తర్వాత ఒకరొకరే వచ్చారు. సుముఖుడు అందరికన్నా ఆఖర్న వచ్చాడు.

ఆ రోజే బాట తవ్వేశారు. నలభై రోజులు పన్నెండుమందీ వంతులవారీగా కర్రలు పట్టుకుని చెట్టు చుట్టూ నిలబడ్డారు. ఎండకు ఒళ్ళు కమిలింది. పైన తల్లి పక్షి మేత తెచ్చి పెడుతుంటే, కింద వాళ్ళ నెత్తిన రెట్ట పడింది. చూడటానికి ఎవరూ రాలేదు.

నలభయ్యో రోజున మూడు పక్షులూ ఎగిరాయి.

"ఒక్కసారైనా వెనక్కి చూడలేదు," అన్నాడు సుముఖుడు.

"మనల్ని చూడమని ఏ మొహంతో అడుగుతాం?" అంది వకుళ.

మరుసటి ఏడు గూడబాతులు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. వకుళ గచ్చకాయలు నాటి, కడవలతో నీళ్ళు మోసింది. మూడో ఏటికి దిబ్బ చుట్టూ ముళ్ళు దట్టంగా అల్లుకున్నాయి. ఆ చలికాలం మూడే మూడు పక్షులు వచ్చి, దిబ్బ చుట్టూ చాలాసేపు తిరిగి, చివరి చెట్టు మీద వాలాయి. గట్టు మీద నుంచి వకుళ వాటిని చూసింది. దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

పిల్లలూ, ఎవరికి సేవ చేయబోతామో ముందు వాళ్ళ మాట వినాలి. విన్న మాటను, నలుగురూ నవ్వినా సరే, వేళకు చెప్పాలి.